భాషాశాస్త్రం గురించి చిత్తూరు, తిరుపతి వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

పల్లెలకు వెళ్ళి మాటలు రికార్డు చేసేటప్పుడు జనం అడిగేవి, డిగ్రీ పిల్లలు క్లాసులో అడిగేవి, పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి వాళ్ళు అడిగేవి అన్నీ కలిపి ఇక్కడ పెట్టాం. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నిటికి పొడుగ్గా చెప్పక తప్పదు. ముందుగా ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ సులువవుతాయి. భాషల మధ్య జన్మ సంబంధం వేరు, సావాస సంబంధం వేరు. భాష గురించి మన దగ్గర జరిగే వాదనల్లో చాలావాటికి మూలం ఈ రెండిటినీ కలగాపులగం చేయడమే.

భాషాశాస్త్రం అంటే ఏంది? మీకు ఎన్ని భాషలు వచ్చు?

ఒక్క భాషే వచ్చినా భాషాశాస్త్రం చేయొచ్చు. పది భాషల్లో గలగలా మాట్లాడే మనిషికి ఆ శాస్త్రం అక్షరం తెలియకపోవచ్చు. తిరుమల కొండ మీద అంగళ్ళలో అలాంటి ఘనులు ఎందరో కనిపిస్తారు. మేం చూసేది వేరే. ధ్వనులు ఏ వరుసలో కుదురుతాయి, మాట ఎట్లా తయారవుతుంది, మాటలు వాక్యంగా ఎట్లా అమరుతాయి, పసిబిడ్డకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే ఇదంతా ఎట్లా పట్టుబడుతుంది, తరాలు గడిచే కొద్దీ ఏం మారుతుంది అన్నవి. 'మనం పోదాం' అనాలా 'మేం పోతాం' అనాలా అన్నది నాలుగేళ్ళ పిల్లకు తెలుసు. ఎందుకని అడిగితే పెద్దవాళ్ళం కూడా నీళ్ళు నములుతాం. తెలిసీ చెప్పలేని ఆ లెక్కను బయటికి తీసి రాయడం మా పని.

ఈ పని మన దేశానికి కొత్తేమీ కాదు. పాణిని దాదాపు 4,000 సూత్రాల్లో సంస్కృతాన్ని బిగించి పెట్టాడు. ఆ సూత్రాలు వల్లె వేసే పిల్లలు ఇప్పటికీ తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో ఉన్నారు. మేం వాళ్ళ కన్నా అదనంగా చేసేది ఏమిటంటే, పండితుల మాటతో ఆగకుండా కూరగాయల మార్కెట్టులో మాట కూడా రాసుకుంటాం.

మాది అరవం కలిసిన తెలుగంటారు. మేం తప్పు తెలుగు మాట్లాడతా ఉండామా?

లేదు. ముందు 'చెప్పినాడు, వచ్చినాడు' సంగతి చూద్దాం. విజయవాడ వైపు 'చెప్పాడు, వచ్చాడు' అంటారు. పేపర్లలో, సినిమాల్లో రెండోదే వస్తుంది కాబట్టి మొదటిది మోటు అనుకుంటారు. చరిత్ర చూస్తే 'చెప్పినాడు' పాతది. అది నోట్లో అరిగీ అరిగీ 'చెప్పాడు' అయింది. అరగని రూపం మన దగ్గర మిగిలింది, అంతే. అలాగని కోస్తా వాళ్ళది తప్పయిపోదు. అరగడం కూడా భాషకు సహజమే.

ఇక మార్కెట్టుకు పోతే ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ ఒకే బుట్టలో ఉంటాయి. వీటిలో 'ఉర్ల' తమిళంలో బంగాళాదుంపకు చెప్పే మాటలోంచి వచ్చింది. ఎర్రగడ్డ, తెల్లగడ్డ మాత్రం అచ్చ తెలుగు జోడింపులు. ఉల్లిపాయ అనే మాట తెలియక ఎర్రగడ్డ అనడం లేదు, రంగు చూసి పేరు పెట్టుకున్నారు. వేరుశనగను చెనక్కాయ అనడం, నాగలిని మడక అనడం, పొలం గట్టును గెనిమ అనడం ఇవన్నీ మాండలికపు సొంత ఆస్తి. ఇలాంటి మాటల విలువ తెలిసే భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదలుపెట్టారు. జిల్లా జిల్లా తిరిగి సేకరించిన వ్యవసాయ పదాలతో మొదటి సంపుటం 1962లో వచ్చింది. తెలుగు మాండలికాల మీద పనిచేసే ఎవరైనా ఇప్పటికీ దాన్ని తిరగేయాల్సిందే.

మరి ప్రామాణిక తెలుగు అంటే? కృష్ణా, గోదావరి ప్రాంతాల చదువుకున్నవాళ్ళ మాట అచ్చులోకి ముందుగా ఎక్కింది. అది ఎక్కువ మందికి అలవాటైంది. ఉత్తరాలకు, పేపర్లకు అలాంటి ఉమ్మడి భాష ఒకటి కావాలి, అందులో తగాదా లేదు. దాన్ని పట్టుకుని బడిలో పిల్లవాడు 'పోతాది' అన్నాడని నవ్వడం మాత్రం అన్యాయం.

తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందా?

కాదు. అయినా ఈ ప్రశ్న రావడంలో తప్పు లేదు. తెలుగులో సంస్కృత పదాలు అంత ఎక్కువ. కానీ ఏ పదాలు ఎక్కువ అన్నది చూడాలి. గుడి, చదువు, శాస్త్రం, కావ్యం వైపు సంస్కృతం దట్టంగా ఉంటుంది. ఇంట్లో మాట్లాడే చేయి, కాలు, కన్ను, చెవి, నీళ్ళు, తిను, పో, రా, నేను, నువ్వు, వాడు వైపు దాదాపుగా కనిపించదు. అంకెలు చూడండి. తెలుగులో ఏడు, కన్నడంలో ఏళు, తమిళంలో ఏఴు. సంస్కృతంలో సప్త, హిందీలో సాత్, లాటిన్‌లో సెప్టెమ్. ఎవరు ఎవరి తోబుట్టువులో చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు.

దీన్ని మొదట స్పష్టంగా అచ్చులో పెట్టినవాడు మద్రాసులో ఉద్యోగం చేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో, దక్షిణాది భాషలది సంస్కృతంతో సంబంధం లేని వేరే వంశమని ఉదాహరణలతో చూపించాడు. ద్రావిడ భాషలను పోల్చి కాల్డ్వెల్ రాసిన వ్యాకరణం 1856లో వచ్చింది. పేరు మాత్రం కాల్డ్వెల్‌కే ఎక్కువ దక్కింది. ఎల్లిస్‌కు ఆధారాలు సమకూర్చింది మద్రాసు సెయింట్ జార్జ్ కోట కాలేజీలోని మన పండితులే. వాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తులేకపోవడం నా మటుకు కొంచెం బాధే.

సంస్కృతంతో మనది సావాసం. ఆ సావాసం గట్టిది, వెయ్యేళ్ళకు పైబడినది. దాన్ని తక్కువ చేయాల్సిన పనీ లేదు, దాన్ని జన్మ అనాల్సిన పనీ లేదు. పైగా సావాసం ఒకవైపే నడవలేదు. సంస్కృతంలోని 'మయూర' లాంటి మాటలు ద్రావిడం నుంచి వెళ్ళాయని బర్రో వంటి పండితులు వాదించారు. కొన్నిటి మీద ఇంకా చర్చ ఉంది.

పోనీ తమిళం నుంచి పుట్టిందా?

అదీ కాదు. ఈ రెండో ప్రశ్న నగరి, సత్యవేడు వైపు ఎక్కువ వస్తుంది. తెలుగు, తమిళం, కన్నడం అన్నీ ఒక పాత తల్లిభాష నుంచి విడివడ్డాయి. ఆ తల్లిని మేం మూల ద్రావిడం అంటాం. ఆమె రాసిపెట్టిన కాగితం ఒక్కటీ లేదు. పిల్లల మాటలు పక్కపక్కన పెట్టి, ఆమె ఎలా మాట్లాడి ఉంటుందో వెనక్కి లెక్క కడతాం.

ఆ లెక్క ఊహ కాదని చూపడానికి ఒక వరుస చాలు. తమిళం కోఴి, కన్నడం కోళి, తెలుగు కోడి. తమిళం ఏఴు, కన్నడం ఏళు, తెలుగు ఏడు. నాలుక మడిచి పలికే ఆ తమిళ ధ్వని ఉన్నచోట కన్నడంలో 'ళ', తెలుగులో 'డ'. ఇలా వరుసగా దొరికితే కాకతాళీయం అనలేం. ఇంకోటి: కన్నడంలో కివి, తెలుగులో చెవి. తమిళ, కన్నడాల్లో కై, తెలుగులో చేయి. మాట మొదట్లోని 'క' తర్వాత ఇ, ఎ లాంటి అచ్చులు వచ్చినప్పుడు తెలుగులో 'చ' అయిపోయింది. కన్నడం తన వంతుగా మాట మొదటి 'ప'ను 'హ' చేసుకుంది. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి హులి, మన పండు హణ్ణు. పలమనేరు, కుప్పం వైపు వాళ్ళకు ఇవన్నీ చిన్నప్పటి నుంచి చెవిలో పడుతుంటాయి. వాళ్ళకు ఈ పాఠం చెప్పడం మహా సులువు.

చాలామంది నమ్మని సంగతి ఒకటి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి వర్గీకరణ ప్రకారం తెలుగుకు దగ్గరి చుట్టాలు తమిళ, కన్నడాలు కావు. గోండి, కొండ, కూయి, కువి భాషలు. తమిళంలో ఇరండు, కన్నడంలో ఎరడు అని అచ్చుతో మొదలయ్యే మాట తెలుగులో 'రెండు' అని హల్లుతో మొదలవుతుంది. గోండిలో కూడా 'రండ్' అనే ఉంది. తమిళ ఉరల్ తెలుగులో రోలు, తమిళ అవన్ తెలుగులో వాడు. ఇలా ముందున్న అచ్చు వెనక్కి జరిగిపోవడం తెలుగు, ఆ అడవి ప్రాంతాల భాషలు కలిసి చేసిన పని. అంటే గోడ అవతల ఉన్న తమిళం మనకు సావాసం ఎక్కువైన దూరపు చుట్టం. ఎన్నడూ చూడని గోండి దగ్గరి చుట్టం.

ఇదంతా నిజమని ఎట్లా తెలుసు? అప్పుడు రికార్డర్లు లేవు గదా?

రాళ్ళున్నాయి. కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుల శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. మనకు దొరికిన తెలుగు శాసనాల్లో చాలా పాతది అదే. ఆ కాలపు శాసనాల్లో ఇప్పుడు మన అక్షరమాలలో లేని 'ఴ' అక్షరం ఉండేది. తర్వాత ఆ స్థానంలో 'డ' వచ్చింది. మేం లెక్కగట్టి చెప్పిన మెట్టు రాయి మీద కనిపించిందన్నమాట. ఇంత కన్నా పెద్ద సాక్షి ఎవరు కావాలి?

రాళ్ళ తర్వాత రాగిరేకులు. అన్నమాచార్య సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి తిరుమలలో దాచిపెట్టారు కాబట్టి 15వ శతాబ్దపు వాడుక మాట చాలావరకు చెడకుండా మనదాకా వచ్చింది. భక్తులు వాటిలో భక్తి చూస్తారు, సంగీతం వాళ్ళు రాగం చూస్తారు, మేం క్రియారూపాలు చూసుకుంటాం.

తిరుమల గోడల మీద శాసనాలు ఎక్కువ తమిళంలో ఉన్నాయి. అప్పట్లో ఇక్కడ తెలుగువాళ్ళు లేరా?

శాసనం చెప్పేది ఆఫీసు భాష. వీధిలో జనం ఏం మాట్లాడేవారో దాన్నిబట్టి చెప్పలేం. ఇప్పుడు బ్యాంకు కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయని ఐదువందల ఏళ్ళ తర్వాత ఎవరైనా తిరుపతి అంతా ఇంగ్లీషు వాళ్ళే అంటే ఎట్లా ఉంటుంది? పల్లవ, చోళ కాలాల్లో గుడి లెక్కలు తమిళంలో సాగాయి. విజయనగరం వచ్చాక తెలుగు, కన్నడాలు కూడా చేరాయి. కృష్ణదేవరాయలు 1513లో మొదలుపెట్టి తిరుమలకు చాలాసార్లు వచ్చాడు. ఆయన దానాల శాసనాలు ఒకటి కన్నా ఎక్కువ భాషల్లో ఉన్నాయి. అవన్నీ 1930ల్లోనే దేవస్థానం సంపుటాలుగా అచ్చయ్యాయి, ఆ పనిలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి కృషి పెద్దది. జిల్లా హద్దులు కూడా అంతే. చిత్తూరు జిల్లా 1911లో పుట్టింది, తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది, తిరుపతి జిల్లా 2022లో వచ్చింది. గీతలు మారినప్పుడల్లా జనం నాలుకలు మార్చుకోలేదు.

మాటలు ఒక భాషలోంచి ఇంకో భాషలోకి ఎట్లా వస్తాయి?

పనితో పాటు వస్తాయి. ఎవరి చేతిలో ఏ పని ఉంటే ఆ పనికి వాళ్ళ మాట అంటుకుంటుంది. తిరుమల సేవల పేర్లు చూడండి. తోమాల సేవ, కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం, ఆణివార ఆస్థానం, వీటన్నిటిలోనూ తమిళ వైష్ణవ సంప్రదాయం వినిపిస్తుంది. ఆణి అనేది తమిళ నెల పేరు. గుడి దాటి తహసీల్దారు ఆఫీసుకు పోతే దరఖాస్తు, జమాబందీ, రసీదు, వకీలు, జామీను. ఇవి పారసీ, అరబ్బీ మాటలు, గోల్కొండ, ఆర్కాటు నవాబుల కచేరీల నుంచి దిగాయి. 'రైతు' కూడా అరబ్బీ మూలమే అంటే చాలామంది నొచ్చుకుంటారు. కట్టుబడి పనికి పోతే మేస్త్రీ, ఇంట్లో అల్మారా, చొక్కాకు ఇస్త్రీ, పెరట్లో బొప్పాయి. అవి పోర్చుగీసు వాళ్ళతో వచ్చాయి. రైలు, టికెట్టు, స్టేషను సంగతి చెప్పక్కర్లేదు.

ఇంగ్లీషు కలిపి మాట్లాడితే తెలుగు చచ్చిపోతుందా?

టెన్షన్ పడాల్సింది దీని గురించి కాదు. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

తిరుపతి బస్టాండులో రోజూ వినపడే రకం వాక్యం ఒకటి తీసుకుందాం. 'మీటింగ్ క్యాన్సిల్ అయిందని మేనేజర్ మెసేజ్ పెట్టినాడు.' ఇందులో నాలుగు ఇంగ్లీషు మాటలున్నాయి. కానీ వాక్యాన్ని మోస్తున్నది ఎవరు? 'అయింది', 'అని', 'పెట్టినాడు'. క్రియ చివర్న వచ్చింది, మగవాడికి '-ఆడు' పడింది, ఒకరి మాటను ఇంకో వాక్యంలో ఇరికించడానికి 'అని' వచ్చింది. ఎముకలన్నీ తెలుగువే. ఇంగ్లీషులో క్యాన్సిల్ అనే ఒక్క మాటతో సరిపెడతారు, మనం మాత్రం తానుగా జరిగితే 'క్యాన్సిల్ అయింది' అంటాం, ఎవరో చేస్తే 'క్యాన్సిల్ చేసినారు' అంటాం. ఆ తేడా తెలుగు పెట్టింది. ఇదే పద్ధతి మీద కేరల్ మైయర్స్-స్కాటన్ 1993లో ఒక సిద్ధాంతం కట్టింది. రెండు భాషలు కలిసిన వాక్యంలో ఒకటి చట్రం వేస్తుంది, ఇంకోటి ఆ చట్రంలో మాటలు కూర్చుతుంది అని.

అరువు వచ్చిన మాట మీద తెలుగు చేసే పెత్తనం బహువచనంలో ఇంకా బాగా కనిపిస్తుంది. కాలు కాళ్ళు అయినట్టే రైలు రైళ్ళు, స్కూలు స్కూళ్ళు, హోటలు హోటళ్ళు. చెట్టు చెట్లు అయినట్టే టికెట్టు టికెట్లు. గుడ్డు గుడ్లు అయినట్టే రోడ్డు రోడ్లు. ఇంగ్లీషు ముక్క రాని అవ్వ కూడా ఇందులో పొరబడదు. అచ్చు చివర లేకుండా మాట ఆగకూడదు కాబట్టి బస్ బస్సు అయింది, పొట్టి అచ్చు తర్వాత హల్లు ఒత్తు పడి కప్పు, పెన్ను అయ్యాయి, పొడుగు అచ్చు ఉంటే ఒత్తు లేకుండా గేటు, కేసు, ఫోను. (రోడ్డు ఈ సూత్రానికి లొంగదు. ప్రతి సూత్రానికీ ఒక మొండిఘటం ఉంటుంది.)

నిజంగా మార్పు చూడాలంటే ఇక్కడే చూడాలి. కాలేజీ పిల్లలు ఇప్పుడు 'బస్', 'ఫోన్', 'గేట్' అని హల్లు దగ్గరే ఆపేస్తున్నారు. మాటలు రావడం కన్నా ఇది లోతైన మార్పు, ధ్వని కట్టడినే తాకుతోంది. అయినా దీనివల్లా భాష చావదు. పెద్దవాళ్ళు పిల్లలతో ఆ భాషలో మాట్లాడటం మానేసినప్పుడు చస్తుంది. ఇంగ్లీషు మాటలు దొర్లే తెలుగులో బిడ్డను తిట్టే తల్లి వల్ల తెలుగుకు ప్రమాదం లేదు. స్వచ్ఛమైన తెలుగు మీద ఉపన్యాసం ఇచ్చి, ఇంటికి వెళ్ళి మనవడితో ఇంగ్లీషే మాట్లాడే తాతగారి వల్ల ఉంది.

మాటలు సరే, వ్యాకరణం కూడా కలిసిపోతుందా?

కలుస్తుంది, సావాసం తరాల తరబడి సాగితే. ప్రసిద్ధ ఉదాహరణ మహారాష్ట్రలో, సాంగ్లీ జిల్లాలోని కుప్వాడ్ అనే ఊరు. అక్కడి మరాఠీ, ఉర్దూ, కన్నడాల వాక్య నిర్మాణం ఎంతగా ఒకే తీరుకు వచ్చిందంటే, మాటకు మాట పెట్టుకుంటూ పోతే అనువాదం అయిపోతుందని గంపర్జ్, విల్సన్ 1971లో రాశారు. అంతకు ముందే 1956లో ఎమెనో అనే భాషాశాస్త్రవేత్త భారతదేశమంతా ఒక భాషా క్షేత్రం అని, వేర్వేరు కుటుంబాల భాషలు పక్కపక్కన బతికి ఒకదాని పోలికలు ఒకటి తెచ్చుకున్నాయని చూపించాడు.

మన దగ్గరే వినాలంటే దక్కనీ ఉర్దూ వినండి. 'వస్తానని చెప్పినాడు' అనడానికి 'ఆతూం బోల్కే బోల్యా' అంటారు. ఆ 'బోల్కే' మన 'అని' లాగే మాట తర్వాత వచ్చింది. ఢిల్లీ వాళ్ళయితే 'కహా కి' అని ముందే ఎత్తుకుంటారు. ఉర్దూ మాటలతో తెలుగు నడక. ఢిల్లీ చుట్టాలు నవ్వుతారని మొహమాటపడే దక్కనీ వాళ్ళు మాకు కనిపిస్తారు. ఎర్రగడ్డ అనడానికి మొహమాటపడే వాళ్ళదీ వీళ్ళదీ ఒకటే బాధ.

మనం, మేం అన్న తేడా ద్రావిడ భాషల పాత సొత్తు. విచిత్రం ఏమిటంటే, నేటి కన్నడం 'నావు' ఒక్కటే ఉంచుకుని ఆ తేడా పోగొట్టుకుంది. ద్రావిడం కాని మరాఠీ మాత్రం ఆపణ్, ఆమ్హీ అని అదే తేడా పాటిస్తోంది. సొంత బిడ్డ వదులుకున్నది పక్కింటి బిడ్డ దాచుకుంది.

ఎరుకల వాళ్ళది, లంబాడీ వాళ్ళది భాషా, యాసా?

భాషలే. లిపి లేనంత మాత్రాన భాష కాకుండా పోదు, లిపి చొక్కా లాంటిది. ఎరుకల ద్రావిడ భాష, తమిళానికి బాగా దగ్గర. లంబాడీ రాజస్థానీకి చుట్టం, ఇక్కడి కొండల నడుమ ఉన్నా అది ఉత్తరాది కుటుంబమే. 2011 జనాభా లెక్కల్లో జనం చెప్పిన మాతృభాషల పేర్లు 19,569. వాటిని వడపోసి 1,369 చేశారు. పదివేల మందికి పైగా మాట్లాడేవి కలిపి చివరికి 121 భాషలుగా అచ్చేశారు. ఏది భాష, ఏది యాస అన్నది సగం శాస్త్రం, సగం రాజకీయం అని ఈ అంకెలే చెబుతాయి.

ఇలాంటి భాషల మీద పని చేయాలనుకునే వాళ్ళకు గిడుగు రామమూర్తి దారి చూపించాడు. ఆయన్ను వ్యావహారిక భాషోద్యమానికే గుర్తుపెట్టుకుంటాం. పర్లాకిమిడిలో సవర అనే గిరిజన భాష నేర్చుకుని, సవర పిల్లలకు చదువు చెప్పించి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చాడు. సవర ద్రావిడం కూడా కాదు, ముండా అనే వేరే కుటుంబపు భాష.

ప్రపంచంలో మొదటి భాష ఏది?

తెలియదు, తెలిసే దారి కూడా ఇప్పటికి లేదు. భాషలను పోల్చి వెనక్కి వెళ్ళే పద్ధతి ఎనిమిది, పదివేల ఏళ్ళ దగ్గర ఆగిపోతుంది. మనలాంటి మనుషుల ఎముకలు మూడు లక్షల ఏళ్ళ నాటివి దొరికాయి. మధ్యలో మాట ఎప్పుడు పుట్టిందో ఏ రాయీ చెప్పదు. ఊహాగానాలకు విసిగి పారిస్ భాషాశాస్త్ర సంఘం 1866లో ఈ విషయం మీద వ్యాసాలే తీసుకోబోమని నిబంధన పెట్టుకుంది.

రాజులు మాత్రం ఊరుకోలేదు. పసిబిడ్డలను మాట వినపడకుండా పెంచి ఏ భాష మాట్లాడతారో చూసిన ఈజిప్టు రాజు కథ హెరోడోటస్ చెప్పాడు. అక్బరు కూడా అలాంటిదే చేయించాడు. ఆ పిల్లలు మూగవాళ్ళుగా బయటికి వచ్చారని రాశారు. మాట వినిపించకపోతే మాట రాదని తేల్చడానికి అంత ఘోరం చేయాలా?

కళ్ళ ముందు భాష పుట్టడం మాత్రం ఒకచోట చూశారు. నికరాగ్వాలో 1970ల చివర్లో బధిర పిల్లలను మొదటిసారి బడుల్లో చేర్చారు. వాళ్ళు ఇళ్ళలో వాడే సైగలు కలుపుకున్నారు. వాళ్ళ తర్వాత చేరిన చిన్నపిల్లలు ఆ సైగలకు వ్యాకరణం తెచ్చారు. పెద్దలెవరూ నేర్పలేదు. తోటి పిల్లల జట్టు దొరికితే భాష కట్టుకునే గుణం మనిషిలోనే ఉందనడానికి ఇంతకన్నా గట్టి ఆధారం మాకు తెలియదు.

తెలుగుకు ఎన్నేళ్ళు?

రాతకు సుమారు 1,450 ఏళ్ళు. మాటకు పుట్టినరోజు ఉండదు. ద్రావిడ కుటుంబం మొత్తం వయసు సుమారు 4,500 ఏళ్ళు ఉంటుందని 2018లో ఇరవై భాషల పదాలను కంప్యూటరుకిచ్చి ఒక అంచనా వేశారు. అది అంచనాయే, జన్మపత్రం కాదు.

సింధు లిపి తెలుగేనంట గదా?

ఇంతవరకు ఎవరూ చదవలేదు. ద్రావిడం అయ్యుండొచ్చని పర్పోలా, ఐరావతం మహదేవన్ లాంటి పెద్దలు ఆధారాలు పేర్చారు. రుజువు కాలేదు. యూట్యూబులో గంటకొకరు చదివేస్తున్నారు, అది వేరే సంగతి.

ఫీల్డ్‌వర్క్ అంటే ఏం చేస్తారు? ఊరికే కబుర్లు చెప్పి పోతారని అంటారు.

కబుర్లే. కాకపోతే ఒక పద్ధతి ప్రకారం. 'దీన్ని గెనిమ అంటారా, గట్టు అంటారా?' అని అడిగితే పని చెడింది. అడిగిన మనిషికి ఏది నచ్చుతుందో చూసి ఆ జవాబు చెప్తారు. పొలంలో నిలబడి, కాలితో తట్టి, 'ఇది ఏంది?' అని అడగాలి. రెండోది, చేతిలో మైకు కనపడగానే ఎవరైనా టీవీ తెలుగులోకి వెళ్ళిపోతారు. 'రాండి' అనే మనిషి 'రండి' అంటాడు. గమనించకుండా ఉన్నప్పుడు ఎలా మాట్లాడతారో గమనించాలి, ఇదెక్కడి చిక్కు అని అమెరికాలో విలియం లబోవ్ దీనికి పేరే పెట్టాడు. మనిషి ఒళ్ళు మరిచే సంగతి ఎత్తితే రికార్డరు గుర్తుండదన్నది ఆయన కనిపెట్టిన ఉపాయం.

తిరుపతిలో ఆ తాళంచెవి గంగజాతర. 'చిన్నప్పుడు ఏ వేషం కట్టినారు పెద్దాయనా?' అంటే చాలు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, ఎవరిని బూతులు తిట్టిందీ, ఎవరు తరుముకున్నదీ అన్నీ వస్తాయి. చంద్రగిరి పక్క పల్లెల్లో అయితే కనుమ పశువుల పండగ గురించి, ఏ కోడె ఎవరిని కుమ్మిందో అడగాలి. మనకు కావలసిన క్రియారూపాలన్నీ ఆ పది నిమిషాల్లో దొర్లిపోతాయి.

తర్వాత ఇంటికొచ్చి వినడం. ఒక నిమిషం మాట రాసుకోవడానికి చాలాసార్లు అరగంట దాటుతుంది. ధ్వని గీతలు చూడటానికి ప్రాట్, మాటకు రాత జోడించడానికి ఈలాన్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి.

ఎక్కడ చదవాలి? ఉద్యోగాలు ఉన్నాయా?

చిత్తూరు జిల్లాలోనే కుప్పంలో 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. మూడు రాష్ట్రాల మూలన ఉండటం దాని పెద్ద బలం, గేటు దాటితే ఫీల్డే. హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, మైసూరులో 1969 నుంచి ఉన్న భారతీయ భాషల కేంద్ర సంస్థ మిగతా దారులు. శాసనాలు, పాత తెలుగు మీద మక్కువ ఉంటే తెలుగు ఎం.ఏ. నుంచి కూడా రావచ్చు. యూజీసీ నెట్‌లో భాషాశాస్త్రం ఒక సబ్జెక్టు.

ఉద్యోగాలు మునుపటి కన్నా మెరుగు, ఇంజినీరింగు అంత కాదు. ఫోనుకు తెలుగు అర్థమయ్యేలా చేసే కంపెనీలకు మాటలు రాసి, గుర్తులు పెట్టేవాళ్ళు కావాలి. 'వస్తా ఉండాడు' అంటే మిషనుకు అర్థం కాకపోవడం వాళ్ళకు నిజమైన సమస్య. దాన్ని సరిచేయాలంటే మన జిల్లా పిల్లలే కావాలి. చదువు పూర్తయ్యేలోపు కాస్త ప్రోగ్రామింగ్ నేర్చుకోమనే మా సలహా.

మా జేజి మాటలు రికార్డు చేసి పెట్టుకోవాలని ఉంది. ఎట్లా?

ముందు ఆమెను అడగండి. ఎందుకో చెప్పండి, ఎవరెవరు వింటారో చెప్పండి. ఫ్యాను, టీవీ ఆపి, ఫోనును ఆమెకు దగ్గరగా గుడ్డ మీద పెట్టండి. ఉత్త బల్ల మీద పెడితే ప్రతి చప్పుడూ ఎక్కుతుంది. సెట్టింగుల్లో ధ్వనిని కుదించకుండా దాచే వేవ్ (WAV) ఫైలు ఉంటే అది ఎంచుకోండి. సంగటి కెలికే పద్ధతి, కపిల తోలిన రోజులు, పెళ్ళిలో జరిగిన గొడవ, ఏదో ఒకటి ఎత్తి మీరు నోరు కట్టుకోండి. మధ్యలో సరిదిద్దకండి. ఆమె ఆగినప్పుడు వెంటనే ఇంకో ప్రశ్న వేయకుండా కాసేపు ఉంటే తనే అందుకుంటుంది. అయిపోయాక ఆమె పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, వయసు, తేదీ ఫైలు పేరులోనే రాయండి. పుట్టిన ఊరు రాయకపోతే ఆ రికార్డు మాకు సగమే పనికొస్తుంది, ఎందుకంటే ఆడవాళ్ళ మాటలో రెండు ఊళ్ళుంటాయి. ఇతరులకు పంపాలంటే వాట్సాప్‌లో వాయిస్‌గా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, ధ్వని నలగదు. ఒక కాపీ ఫోనులో కాక వేరేచోట ఉంచండి.